మైకమ్మ వేయించిన వాయిదాలు

ఆ బస్టాండులో ఒక్కసారైనా బస్సెక్కిన ప్రతివాళ్ళకీ మైకమ్మ గొంతు తెలుసు. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. టిక్కెట్ల కిటికీల వెనక, మెట్ల కింద ఇరికించి కట్టిన అద్దాల గదిలో ఆమె కూర్చునేది. చేతిరుమాలు చుట్టిన మైకు ముందు నోరు పెట్టి, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎందుకు రాలేదో చెబుతూ సగం జీవితం గడిపేసింది. బయట దుకాణాల్లో ఏదైనా కొనబోతే అక్కడివాళ్ళు "ఈ గొంతు ఎక్కడో విన్నానే" అని తల గోక్కునేవారు. ఆమె చెప్పేది కాదు. కాసేపు వాళ్ళను అలా సతాయించడం ఆమెకు సరదా.

ఆలస్యాన్ని అందంగా చెప్పడంలో ఆమెకు ఆమే సాటి. బస్సు దారిలో చెడిపోయి పడి ఉన్నా, డ్రైవరు ఇంకా ఇంట్లో స్నానమే చేస్తున్నా, మైకమ్మ నోట అది "కొద్దిసేపట్లో" వచ్చేది. ఆ మాట వినగానే లేచి నిలబడ్డవాళ్ళు మళ్ళీ కూర్చునేవారు. తిట్టుకుంటూనే కూర్చునేవారనుకోండి. అయితే ఇప్పుడు మనం చెప్పుకోబోయేది బస్సుల ఆలస్యం గురించి కాదు, ఒక విడాకుల ఆలస్యం గురించి. చెప్పొద్దూ, అందులో సగం ఆమె చేతి చలవే!

విడాకులు ఆమెవి కావు. ఆమె కోడలివి.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పని మీద ఇంకో ఊరికి వెళ్ళాడు. అక్కడ ఒక పెద్ద మేడలో లిఫ్టు పదే పదే చెడిపోయింది, ఆ మేడలో ఒకావిడతో ఇతనికి స్నేహం పదే పదే పెరిగింది, చివరికి లిఫ్టు బాగైనా ఇతను తిరిగి రాలేదు. ఒకరోజు వచ్చి సంచీలో బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. బట్టలు సర్దుకున్నాడు గానీ తల్లిని సర్దుకోవడం మర్చిపోయాడు. అలా మైకమ్మ కోడలి దగ్గరే ఉండిపోయింది.

కోడలు డ్రైవింగు టీచరు. తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు బిగించుకున్న చిన్న కారు, నెత్తిన "నేర్చుకుంటున్నాం" అన్న బోర్డు. ఇల్లు ఒక పై వాటా, రెండు గదులు, అద్దె కోడలి పేరు మీదే. ముందు గది గోడ నిండా రోడ్డు గుర్తుల బొమ్మలు అంటించి ఉండేవి. సాయంత్రం ఇద్దరూ ఇల్లు చేరాక ఒకరి కబుర్లు ఒకరికి చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వేవారు. "ఇవాళ ఒకాయన్ని గేరు మార్చండి అంటే సీటు మారి కూర్చున్నాడత్తయ్యా" అని కోడలు. "ఇవాళ ఒకావిడ గాజుగది కిటికీ కొట్టి, మీ గొంతు బావుంది, మా బస్సుని కూడా ఆ గొంతుతోనే పిలవండి, వస్తుందేమో అని అడిగిందమ్మాయ్" అని అత్త. వాళ్ళ నవ్వులు విని కింద వాటావాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. మొగుడు వదిలేసిన పిల్లా, కొడుకు వదిలేసిన ముసలామే, వీళ్ళకింత సంతోషమెక్కడిదని!

అలాంటి ఇంట్లో ఒకరోజు కోడలు చెప్పుల పట్టీ బిగించుకుంటూ మామూలుగా అంది. "అత్తయ్యా, విడాకులకి వేస్తున్నాను."

"మంచిపని చేస్తున్నావమ్మా" అంది మైకమ్మ. గొంతు ఎప్పటిలాగే తేనెలా ఉంది. లోపల మాత్రం గుండె గుభేలుమంది.

కొడుకు వెళ్ళిపోయినా తాను ఈ ఇంట్లో ఉండగలిగిందంటే, ఈమె తనకు కోడలు కాబట్టి. రేపు కోర్టు వాళ్ళు ఆ ముడి కాస్తా విప్పేస్తే ఈమె ఎవరు, తానెవరు? పరాయిపిల్ల అద్దె ఇంట్లో పాత అత్తకేం పని? కొడుకు దగ్గరికి వెళ్దామంటే అక్కడ ఉన్నది ఒక్కటే గది, ఆ ఒక్క గదిలో మంచం మీద ఆవిడ తల్లి. తీర్పు వచ్చిన రోజే మూట కట్టుకోవాలి. ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తోచలేదు. మైకులో ఎన్ని ఊళ్ళ పేర్లు చెప్పినా, ఆమె దిగాల్సిన ఊరంటూ ఒక్కటీ లేదు.

నోరు తెరిచి ఒక్కమాట కోడలినే అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే ఆ పిల్ల అవునంటుందేమోనని భయం. అడక్కపోతే అనదు కదా, అదీ ఆమె లెక్క!

కోడలి లాయరు, కోడలి దగ్గరే కారు నేర్చుకుంటున్న లాయరమ్మే. రివర్సు గేరంటే ఆవిడకు చచ్చేంత భయం, మిగతా దేనికీ భయపడదు. గలగలా మాట్లాడే మనిషి. ఒక ఆదివారం పొద్దున పాఠం అయ్యాక ఇంటికి వచ్చి కూర్చుంది.

"అసలు ఎంతకాలం పడుతుందండీ?" అని అడిగింది కోడలు.

"అదేమన్నా బస్సు టైమా అమ్మా, ఠక్కున చెప్పడానికి!" అంది లాయరమ్మ. వంటింట్లో టీ కాస్తున్న మైకమ్మకు నవ్వొచ్చింది. బస్సు టైము మాత్రం ఎవరు చెప్పగలరు గనక!

లాయరమ్మ కాళ్ళు చాపుకుని మొదలుపెట్టింది. "ఇద్దరూ ఒప్పుకుని కలిసి వచ్చి అడిగితే తొందరగానే తేలిపోతుంది. అప్పుడు కూడా కోర్టు కొన్నాళ్ళు ఆగి రమ్మంటుంది, మనసు మారుతుందేమోనని. ఒకరు అడ్డం తిరిగారా, ఇక సాగుతుంది. అన్నిటికంటే ముందు మీ ఆయనకి నోటీసు అందాలి. ఎక్కడుంటాడో సరిగ్గా తెలియకపోతే ఆ నోటీసు ఊళ్ళు పట్టుకు తిరుగుతుంది. అందాక ఇద్దర్నీ కూర్చుని మాట్లాడుకోమని పంపిస్తారు. ఆ మాట్లాడించే ఆవిడకి మీరు కలుస్తారేమో అనిపించిందా, ఇంకొన్నాళ్ళు చూద్దాం అంటుంది. పిల్లలుంటే వాళ్ళెవరి దగ్గరుండాలని ఒక గొడవ, ఇల్లుంటే ఎవరికని ఇంకో గొడవ. ఆ రెండూ మీకు లేవు, బతికిపోయారు. ఆ తర్వాత రమ్మన్న రోజున ఎవరికైనా ఒంట్లో బాగోలేదా, వాయిదా. ఇంట్లో పెద్దవాళ్ళకి బాగోలేదా, వాయిదా. నాకు జ్వరమొస్తే వాయిదా. మధ్యలో జడ్జిగారికి బదిలీ అయిందనుకోండి, కొత్తగా వచ్చినాయన మళ్ళీ మొదట్నుంచీ చదువుకోవాలి. అందుకని ఇంత అని నేను చెప్పలేను."

కోడలి మొహం వాడిపోయింది. వంటింటి గుమ్మంలో మైకమ్మ మొహం మాత్రం మతాబులా వెలిగింది! అడ్రసు. మాట్లాడుకోవడం. పెద్దవాళ్ళకి ఒంట్లో బాగోకపోవడం. ఒక్కొక్క మాటా చెవిలో అమృతంలా పడింది. టీ కప్పులు తెచ్చి పెడుతూ లాయరమ్మకు ఇంకో చెంచా పంచదార ఎక్కువే వేసింది. పాపం, తాను పాఠం చెబుతున్నది ఎవరికో ఆవిడకేం తెలుసు?

ఇక చూడండి మైకమ్మ ప్రతాపం.

నోటీసు పట్టుకుని కోర్టు మనిషి ఇంటికి వచ్చినప్పుడు కోడలు పాఠాలకు వెళ్ళి ఉంది. మీ అబ్బాయి ఇప్పుడెక్కడుంటున్నాడమ్మా అని అతను అడిగాడు. మైకమ్మ ఏమాత్రం తడుముకోకుండా, కొడుకు పెళ్ళికి ముందెప్పుడో పనిచేసిన ఊరు చెప్పింది. చెప్పి ఊరుకుందా? ఆ ఊరికి ఏ బస్సెక్కాలో, ఏ ప్లాట్‌ఫారం దగ్గర నిలబడాలో కూడా చెప్పి సాగనంపింది. అతను దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. అక్కడ మనిషి లేడు. నోటీసు వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. అది కొడుకు చేతికి అందేసరికి కోడలి విద్యార్థులు ఎందరో లైసెన్సులు తీసుకుని సొంత బళ్ళు కొనేసుకున్నారు.

ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోమన్నారు. పెద్దదిక్కుగా మైకమ్మ కూడా వెళ్ళింది. అక్కడ కొడుకు ఊగిసలాడాడు. ఇటు వద్దన్నాడు, అటు విడాకులూ వద్దన్నాడు. ఆ సందు చూసుకుని మైకమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "నా పిల్లలిద్దరూ ఒక్కచోట ఉంటే చాలమ్మా, నాకింకేం వద్దు" అంటూ ఆ గొంతుతో ఏడిస్తే గోడలు కరిగిపోవూ! మాట్లాడించే ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఈ పెద్దావిడ మొహం చూసైనా ఇంకొన్నాళ్ళు ఆలోచించుకోండి" అంది. అబద్ధమెందుకు, ఆ ఏడుపులో సగం నిజమే. ఇంటికి వస్తున్నంతసేపూ కోడలే ఆమె వీపు నిమిరింది. అప్పుడు మాత్రం మైకమ్మకు కొంచెం సిగ్గేసింది.

సిగ్గేసిందని మానిందా? లేదు. ఆ తర్వాతి పిలుపు రోజున గుండె పట్టుకుని పడుకుంది. ఇంకోసారి కళ్ళు తిరిగాయంది. కోడలు కోర్టుకు బదులు ఆసుపత్రికి పరుగెత్తింది. డాక్టరు చూసి, ఈవిడ గుండె మీకంటే గట్టిగా ఉందన్నాడు. "అయినా జాగ్రత్త మంచిది కదండీ" అంది కోడలు.

ఇలా ఏళ్ళు గడిచాయి. కోడలికి ఒక మాట అలవాటైపోయింది. "అది తేలాక." జుట్టు కత్తిరించుకోవే అంటే, అది తేలాక. ఈ కారు మార్చవే అంటే, అది తేలాక. స్పేర్‌పార్ట్‌ల దుకాణం ఆయన, పెళ్ళాం పోయిన మనిషి, నెమ్మదస్తుడు, బ్రేకు వైర్లు ఇచ్చినప్పుడల్లా ఒక్క నిమిషం ఎక్కువసేపు నిలబడి మాట్లాడేవాడు. ఒకసారి ధైర్యం చేసి ఏదో అడిగినట్టున్నాడు. "అది తేలాక చూద్దామండీ" అని కోడలు చెప్పడం కారు వెనక సీట్లోంచి మైకమ్మ విన్నది. విని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

చివరికి కొడుకే దారికొచ్చాడు. అక్కడావిడ పెళ్ళి చేసుకుంటావా పొమ్మంటావా అని గట్టిగా నిలదీసేసరికి, విడాకులకు సరేనన్నాడు. ఇద్దరూ కలిసి అడిగారు. కోర్టు ఆగమన్నన్నాళ్ళు ఆగారు. ఇక మిగిలింది ఒక్కటే. ఇద్దరూ ఒకే రోజున జడ్జిగారి ముందు నిలబడి ఔనని చెప్పాలి.

"ఈసారి తప్పకూడదమ్మా" అని లాయరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. "ఈ జడ్జిగారికి బదిలీ అయింది, రేపే ఆఖరి రోజు. కొత్తవారు ఎప్పుడొస్తారో దేవుడికే తెలియాలి. ఈలోపు మీ ఆయన మనసు ఎటు తిరుగుతుందో అది దేవుడికి కూడా తెలియదు. రేపు జరిగిందా, జరిగినట్టే. లేదా, మళ్ళీ మొదటికొస్తుంది."

ఆ పొద్దున కోడలు కొత్త బట్టలు వేసుకుంది. బాత్‌రూములో కూనిరాగం తీసింది. ఆ రాగం వింటూ మైకమ్మ గదిలో అటూ ఇటూ తిరిగింది. ఇవాళే! ఇవాళ గనక తేలిపోతే రేపీపాటికి తానెక్కడ? గబుక్కున ఫోను తీసి కొడుక్కి కొట్టింది. అతను అప్పుడే బస్సులో ఊరి పొలిమేర దాకా వచ్చాడు.

"ఒరేయ్, వాయిదా పడిందిరా. జడ్జిగారు రావట్లేదట."

"అయ్యో అమ్మా, ఇంతదూరం వచ్చాక చెప్తావా!"

"నాకిప్పుడే తెలిసింది నాయనా. బస్టాండులో దిగి, మళ్ళీ బస్సు చూసుకుని వెళ్ళిపో."

"సరేలే. ఫోన్లో చార్జింగు అయిపోతోంది, ఉంటా" అని అతను పెట్టేశాడు. అతని ఫోనులో చార్జింగు ఎప్పుడూ ఉండదు. లోకంలోని లిఫ్టులన్నిటికీ కరెంటు తెప్పిస్తాడు గానీ, చేతిలో ఫోనుకు తెప్పించుకోలేడు.

అయినా మైకమ్మకు ధైర్యం చాలలేదు. ఇంకో తాళం కూడా వేద్దామని మంచమెక్కి గుండె మీద చెయ్యేసుకుని పడుకుంది.

కోడలు కారు తాళాలు ఆడిస్తూ వచ్చి చూసింది. తాళాలు చేతిలోంచి జారి నేల మీద పడ్డాయి.

"అత్తయ్యా! మళ్ళీ వచ్చిందా?"

"నువ్వు వెళ్ళమ్మా" అంది మైకమ్మ, వెళ్ళనివ్వని గొంతుతో. "నాకేమన్నా అయితే పక్కవాళ్ళున్నారుగా."

ఈసారి కోడలు హడావిడి పడలేదు. అదే మైకమ్మను మొదట కంగారు పెట్టింది. ఆ పిల్ల నిదానంగా చెప్పులు విడిచింది. మంచం మీద కాళ్ళ దగ్గర కూర్చుంది. ఫోను తీసి లాయరమ్మకు ఇవాళ రాలేమని చెప్పబోయి, ఒక్క క్షణం దాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. దగ్గర్నుంచి చూస్తే చెంపల మీద నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. కేసు వేసిన రోజున అవి లేవు.

"మీరు కంగారు పడకండి. కోర్టు ఎక్కడికీ పోదు అత్తయ్యా" అంది. "మీరు పోతే నాకెవరు దొరుకుతారు? విడాకులు వచ్చినా రాకపోయినా ఈ ఇంట్లో మనిద్దరమే కదా. అవి లేకుండా ఇన్నేళ్ళు బతికాను, ఇంకొన్నాళ్ళు బతకలేనా? మీరు లేకుండా మాత్రం నావల్ల కాదు."

మైకమ్మ గుండె మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చేతి కింద ఇప్పుడు నిజంగానే ఏదో మెలిపెట్టింది. వచ్చినా రాకపోయినా, మనిద్దరమే! అంటే ఇన్నాళ్ళూ ఏ భయంతో ఈ పిల్ల బతుకును వాయిదా మీద వాయిదా వేయించిందో, ఆ భయానికి అసలు చోటే లేదన్నమాట. అడ్డం పడ్డది ఎవరికి? నెరిసింది ఎవరి జుట్టు? స్పేర్‌పార్ట్‌ల దుకాణం ముందు తల వంచుకుని నిలబడ్డది ఎవరు?

దిగ్గున లేచి కూర్చుంది.

"లే!"

"అత్తయ్యా, పడుకోండి!"

"తగ్గిపోయింది. లే అమ్మాయ్, లే! చెప్పులేసుకో!"

"ఎలా తగ్గిపోయింది?"

"ఎలాగో తగ్గిపోయింది! వాడు బస్టాండులో వెనక్కెళ్ళే బస్సు ఎక్కుతున్నాడు. పద, బండి తియ్యి!"

"మీకెలా తెలుసు?"

"దారిలో తిట్టుకుందువుగాని, ముందు పద!" అంటూ మైకమ్మ ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కోడలి చెప్పు వేసుకుని మెట్లు దిగేసింది. గుండెజబ్బు మనిషి రెండేసి మెట్లు దూకుతుంటే కింద వాటావాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూశారు.

కోడలు జన్మలో ఎవరినీ ఓవర్‌టేక్ చెయ్యని మనిషి. "తొందరపడేవాడు డ్రైవరు కాడు" అని రోజూ పాఠం చెప్పే మనిషి. అలాంటిది ఆ రోజు నెత్తిన "నేర్చుకుంటున్నాం" బోర్డుతో ఆమె కారు నడిపిన తీరు చూసి, ముందున్న బళ్ళన్నీ ప్రాణభయంతో పక్కకు తప్పుకున్నాయి. లాయరమ్మ ఫోను చేసింది. "ఎక్కడున్నారు? మన ముందు రెండే ఉన్నాయి, పిలిచేస్తారు!" ఫోను మైకమ్మ అందుకుంది. "కొద్దిసేపట్లో!" అని అరిచింది. ఆ మాట ఆమె ఇంత నిజాయితీగా ఎప్పుడూ అని ఉండదు.

బస్టాండు జనంతో కిటకిటలాడుతోంది. వరసగా బస్సులు, అన్నీ ఇంజన్లు వేసి గుర్రుమంటున్నాయి. కోడలు ఒక్కొక్క బస్సు కిటికీలూ వెతుకుతూ పరుగెత్తింది. కొడుకు ఫోను చచ్చి ఊరుకుంది. దూరాన అతను ఎక్కాల్సిన ఊరి బస్సు అప్పుడే వెనక్కి మెల్లగా కదులుతోంది. కొంప మునిగింది! మైకమ్మ గిరుక్కున తిరిగి అద్దాల గదిలోకి దూరింది. ఆ పూట డ్యూటీలో ఉన్న అమ్మాయిని భుజంతో పక్కకు నెట్టి మైకు లాక్కుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టింది. గొంతు తేనెలాగే ఉంది. అయితే అంతవరకే. కిటికీలోంచి బస్సు ఇంకో మూరెడు కదలడం, అందులో ఒళ్ళో సంచీతో కూర్చున్న కొడుకు గళ్ళచొక్కా కనిపించేసరికి ఆ తేనె కాస్తా ఇంకిపోయింది.

"ఒరేయ్! గళ్ళచొక్కా! సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న లిఫ్టు మెకానిక్కూ! నేను మీ అమ్మనిరా! దిగు! వాయిదా పడలేదు! నేను అబద్ధం చెప్పాను! జడ్జిగారు వచ్చారు, నీ కోసం కోర్టు ఎదురుచూస్తోంది, దిగరా! డ్రైవరుగారూ, నా కొడుకు దిగకుండా బండి గేటు దాటిందంటే, రేపట్నుంచి మీ బస్సు మాట నా నోట రాదు, ఖాళీగా తిరుగుతారు, చెప్తున్నా!"

బస్టాండంతా నవ్వులు, ఈలలు. ఇన్నేళ్ళూ కొద్దిసేపట్లో, కొద్దిసేపట్లో అంటూ తమను కూర్చోబెట్టిన గొంతు ఇలా కూడా అరవగలదని వాళ్ళెవరూ అనుకోలేదు. బస్సు కిర్రుమని ఆగింది. "ఇదిగో ఇక్కడున్నాడు గళ్ళచొక్కా!" అని లోపల ఎవరో కేకేశారు. చేతులు చేతులు మార్చి ప్రయాణికులు అతన్ని దాదాపు ఎత్తి కిందికి దింపేశారు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

స్పీకరు స్తంభం కింద కోడలు నిలబడి ఉంది. అంతా విన్నది. "నేను అబద్ధం చెప్పాను" అన్నది కూడా విన్నది.

కారులో వెనక సీట్లో తల్లీ కొడుకూ. కొడుకు గొణిగాడు. "అసలెందుకు చెప్పావమ్మా అలా?" ఒకసారి నోరు తెరిచాక మైకమ్మ ఇక ఆపుకోలేదు. కోర్టు మనిషిని ఏ ఊరు పంపిందో చెప్పింది. ఆ ఏడుపు గురించి చెప్పింది. గుండెనొప్పి, కళ్ళు తిరగడం, పొద్దున ఫోను, అన్నీ చెప్పేసింది. "కేసు తేలిపోతే నన్ను పొమ్మంటావని భయమేసిందమ్మాయ్" అంది చివరికి. కోడలు తల తిప్పలేదు. స్టీరింగు మీద వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

కోర్టు వరండాలో లాయరమ్మ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. వీళ్ళు మెట్లెక్కుతుండగానే లోపల పేర్లు పిలిచారు. పరుగెత్తారు. జడ్జిగారు కళ్ళద్దాల మీదుగా చూసి, ఎవరి బలవంతమూ లేదు కదా అని ఇద్దర్నీ విడివిడిగా అడిగారు. కొడుకు లేదన్నాడు. కోడలు లేదంది, ఆ మాట గది చివర దాకా వినపడేట్టు. జడ్జిగారు ఏదో రాశారు, తలూపారు, అంతే! ఇన్నేళ్ళుగా సాగినది ఒక బస్సు ఆగి మనిషిని దింపి వెళ్ళేంతసేపట్లో ముగిసిపోయింది. లాయరమ్మ కోడల్ని గట్టిగా వాటేసుకుని గిరగిరా తిప్పింది. కోడలు ఏడుస్తూ నవ్వింది. దూరంగా గోడకు ఆనుకుని మైకమ్మ చప్పట్లు కొట్టబోయి, ఇది కోర్టని గుర్తొచ్చి ఆగిపోయింది. ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది. తన కాళ్ళ కింద నేల పోయింది, అయినా సంతోషంగానే ఉంది.

బయట కొడుకు తన బూట్ల వంక చూస్తూ, "నాతో వస్తావా అమ్మా?" అన్నాడు.

"నువ్వు వెళ్ళు నాయనా. సుఖంగా ఉండు" అంది. అతను వెళ్ళిపోయాడు, ఊపిరి పీల్చుకునే వెళ్ళాడు.

కోడలు లాయరమ్మతో మాట్లాడి, మైకమ్మ ముందు నుంచే, ఆమె వంక చూడకుండా కారు దగ్గరికి నడిచింది. మైకమ్మ పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది? ఆ పొద్దున "మనిద్దరమే" అన్న పిల్లకు అప్పటికి ఈ సంగతులేవీ తెలియవు. ఇప్పుడు అన్నీ తెలుసు. అయినా ఆ అరుపు అరిచినందుకు మైకమ్మకు విచారమనిపించలేదు. మళ్ళీ మైకు చేతికిస్తే మళ్ళీ అరుస్తుంది. జతకాని చెప్పులతో రోడ్డు పక్కన నడక మొదలుపెట్టింది.

వెనక నుంచి హారను మోగింది. కారు పక్కకొచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. కోడలు ఎదురుగా రోడ్డునే చూస్తోంది. మైకమ్మ ఎక్కి కూర్చుంది. కారు కదిలింది. రెండు వీధులు దాటాక సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కోడలు ఒక్కసారిగా పేలిపోయింది.

"ఎందుకు చేశావ్ అలాగ? నన్నొక్క మాట అడగలేకపోయావా? నిన్ను నేను ఎక్కడికి పంపిస్తాననుకున్నావ్? అసలు బుద్ధుందా నీకు?"

మైకమ్మ ఉలిక్కిపడి చూసింది. తిట్టినందుకు కాదు. పెళ్ళై వచ్చిన రోజు నుంచి ఇప్పటిదాకా ఆ పిల్ల నోట "మీరు" తప్ప ఇంకో పిలుపు రాలేదు. "నువ్వు" అని ఆ పిల్ల లోకంలో ఒక్క మనిషినే పిలిచేది, చిన్నప్పుడే పోయిన తన తల్లిని. ఏమందో కోడలికి తెలియనే లేదు. సిగ్నలు పచ్చబడింది, వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి, ఆమె ఇంకా తిడుతూనే ఉంది.

మైకమ్మ కళ్ళు ధారలు కట్టాయి. "తిట్టమ్మా" అంది.

"ఇక్కడ కాదు. ఇంటికెళ్ళనీ, అప్పుడు చెప్తా నీ పని" అంది కోడలు.